కుట్టు మిషన్‌తో సరిపెట్టొద్దు

సంపాదకుడు గారికి,

మనుషుల అక్రమ రవాణా ముఠాల చెర నుంచి బయటపడ్డ ఆడపిల్లల చేతిలో ఒక కుట్టు మిషన్ పెట్టి, పని అయిపోయిందనుకుంటున్నాం. జాకెట్టు కుట్టించుకోవడానికి ఊళ్లో ఎవరూ ఆమె గడప తొక్కకపోతే ఆ మిషన్ ఏం చేసుకోవాలి? హైదరాబాద్‌లో 1996లో మొదలైన ప్రజ్వల సంస్థ ఇలాంటివారికి వెల్డింగ్, వడ్రంగం లాంటి పనులు నేర్పింది. మగవాళ్లవే అనుకునే పనులు! మా కదిరి వైపు నుంచి పుణె, ఢిల్లీలకు తరలించగా తిరిగొచ్చినవాళ్లకూ నెల జీతం వచ్చే ఉద్యోగం కావాలి. ఆధార్, బ్యాంకు ఖాతా లేవని గేటు దగ్గరే తిప్పి పంపకూడదు. కోర్టు వాయిదాకు వెళ్లిన రోజు జీతం కోయకూడదు. పాత సంగతులు తోటి కార్మికుల చెవిన పడకూడదు. ఇలాంటి మహిళలకు ప్రభుత్వ పథకం కింద ఆశ్రయమిచ్చే శక్తి సదన్‌లలో ఉంటున్నవారికి స్థానిక పరిశ్రమల్లో ఉద్యోగాలు ఇప్పించే బాధ్యత కలెక్టర్లు తీసుకోవాలి.

— ఒక పాఠకురాలు, కదిరి