గిటార్ చేయించుకుంటున్నా

ఒరేయ్ శీనూ,

ఫోన్‌లో చెబితే సగంలోనే నవ్వేస్తావని మ్యూనిక్ నుంచి ఉత్తరం రాస్తున్నా. గిటార్ చేయించుకుంటున్నాన్రా. కొనడం కాదు, చేయించుకోవడం! స్పెయిన్‌లోని గ్రనడాలో అల్హంబ్రా కోటకి ఎక్కే గోమెరెస్ వీధిలో గిటార్లు చేసేవాళ్ళ కొట్లున్నాయి. అందులో ఒకాయనకి అడ్వాన్స్ ఇచ్చేశా. ఏడాది పైనే పడుతుందట. ఈలోగా ఆయన అడుగుతున్న ప్రశ్నలు చూస్తుంటే, నా పెళ్ళిచూపుల్లో కూడా ఇన్ని అడగలేదు.

ముందు పైచెక్క. స్ప్రూస్ చెట్టు చెక్కా, సీడర్ చెట్టు చెక్కా? సీడర్‌ని క్లాసికల్ గిటార్‌కి బాగా అలవాటు చేసింది మాడ్రిడ్‌లో గిటార్లు చేసే మూడో హోసే రామిరెస్, 1960లలో. అంతకుముందు ఎక్కువగా స్ప్రూసే. సీడర్ మొదటిరోజు నుంచే నిండుగా, తియ్యగా పలుకుతుంది. స్ప్రూస్ కొత్తలో కాస్త బిగుసుకుని ఉండి, వాయించేకొద్దీ విచ్చుకుంటుందంటారు. కొట్లో రెండు రకాలూ చేతికిచ్చారు. రెండింటి మీదా ఒకే కార్డ్ (కలిపి పలికించే స్వరాలు) పట్టి మీటి చూశా. సీడర్ మీద ఆరు తీగలూ కలిసిపోయి ఒక్క ముద్దగా వచ్చాయి. స్ప్రూస్ మీద దేనికది విడిగా వినిపించింది. లోపలి తీగ మీద నా వేలు సరిగ్గా పడకపోతే అదీ వినిపించింది, అది వేరే సంగతి. స్ప్రూస్ అనేశా.

వెనక, పక్కలకి బ్రెజిల్ రోజ్‌వుడ్ అడుగుదామనుకున్నా. ఆ చెట్టు మీద 1992 నుంచి అంతర్జాతీయ ఆంక్షలున్నాయి. ఆ కాగితాల టెన్షన్ మనకెందుకు? మన పడమటి కనుమల్లో పెరిగే ఇండియన్ రోజ్‌వుడ్డే చాలన్నా. ఇంతకీ అంటోనియో దె తోర్రెస్ అనే ఆయన 1862లో పైచెక్క మాత్రం మంచిది పెట్టి, వెనకా పక్కలూ అట్టతో చేసి ఒక గిటార్ తయారుచేశాడు, పలికేది పైచెక్కేనని చూపించడానికి. అది ఇప్పటికీ బార్సిలోనా మ్యూజియంలో ఉంది. అది తెలిశాక వెనక చెక్క గురించి నిద్ర మానుకోవడం దండగనిపించింది.

పైచెక్కకి లోపలివైపు అంటించే బద్దల సంగతి ఇంకా తొందరగా తేలింది. ఆస్ట్రేలియాలో స్మాల్‌మన్ అనే ఆయన మొదలుపెట్టిన, బద్దల్ని గళ్ళుగా పేర్చే కార్బన్ ఫైబర్ జాలీ ఉంది, పైచెక్కనే రెండు పల్చటి పొరలుగా చేసే, జర్మనీవాళ్ళు తెచ్చిన డబుల్ టాప్ ఉంది. రెండూ పెద్ద హాల్లో చివరి వరసదాకా వినిపిస్తాయి. నాకు పక్కింటావిడకి వినిపించడమే ఎక్కువ. పైగా రేపు వైజాగ్ వచ్చేశాక ఏదైనా ఊడితే బాగుచేసేవాణ్ణి ఎక్కడ వెతకను? బద్దల్ని విసనకర్రలా పరిచే తోర్రెస్ నాటి పద్ధతే పెట్టమన్నా.

నేను పట్టుబట్టింది ఒక్క కొలత దగ్గరే. మామూలుగా తీగ పొడవు 650 మిల్లీమీటర్లు. నాకు 640 కావాలన్నా. నా చేతులు నీకు తెలుసుగా, చిటికెన వేలు ఎక్కడికీ అందదు. మొదటి ఫ్రెట్ (మెడ మీది అడ్డకమ్మీ) దగ్గర తేడా అర మిల్లీమీటరే, నాలుగో ఫ్రెట్‌కి వచ్చేసరికి రెండు. వింటే చిన్న తేడాలాగే ఉంటుంది కానీ, వేళ్ళు సాగదీసి పట్టే చోట ఆ రెండు మిల్లీమీటర్లే ప్రాణం. మెడ వెడల్పు మాత్రం 52 ఉంచమన్నా. తగ్గిస్తే నా వేళ్ళు పక్క తీగని తాకుతాయి. శబ్దం సంగతి ఆయనిష్టం, చేతికి తగిలేది మాత్రం నా ఇష్టం. ఇదే మా ఒప్పందం.

పాలిష్ దగ్గర ఆయన నెగ్గారు. లక్కని స్పిరిట్‌లో కరిగించి, గుడ్డ ఉండతో పల్చగా పొర మీద పొర రుద్దే ఫ్రెంచ్ పాలిష్. పైచెక్కకి అంతకంటే తేలికైనది లేదట. మా వైజాగ్ చెమటకి నిలుస్తుందా అంటే, పూర్తిచేతుల చొక్కా వేసుకుని వాయించమన్నారు. మే నెలలో! వెనకా పక్కలకి మాత్రం గట్టి లక్కర్ వెయ్యడానికి ఒప్పించా. ఇక్కడ మ్యూనిక్‌లో చలికాలం హీటర్ వేస్తే గాలి ఎండిపోయి చెక్క పగులుతుంది, అక్కడేమో చెమ్మకి ఉబ్బుతుంది. రెండు ఊళ్ళకీ సరిపడే గిటార్ అడుగుతున్నా పాపం ఆయన్ని.

ఒక్కటి ఇంకా తేలలేదు. పక్కచెక్కలో, వాయించేవాడి ముఖం వైపు, ఇంకో చిన్న రంధ్రం పెట్టనా అన్నారు. మన శబ్దం మనకి బాగా వినిపిస్తుందట. కానీ మంచి చెక్కకి చిల్లు పెట్టడానికి మనసొప్పడం లేదు. నువ్వు మృదంగం మనిషివి కదా, నీకు వినిపించేదానికీ ఎదుటివాడికి వినిపించేదానికీ ఎంత తేడా ఉంటుందో నీకే తెలుసు. ఏం చెయ్యమంటావు? వచ్చే నెలాఖరులోగా చెప్పాలి, తొందరగా రాయి.

పిన్నిగారికి నా నమస్కారాలు చెప్పు. దీని ధర మాత్రం ఆవిడకి చెప్పకు, మా అమ్మకి చేరిపోతుంది.

నీ
గోపి