కొలతలకు నిధులు ఆపొద్దు

సంపాదకులకు నమస్కారం.

వాతావరణ మార్పుల మీద ప్రభుత్వాలు లక్ష్యాలు ప్రకటించినప్పుడల్లా నాయకుల ఫొటోలే కనిపిస్తాయి గానీ, ఆ లెక్కలు కట్టిన యూనివర్సిటీల ఊసే ఉండదు. అమెరికా శాస్త్రవేత్త చార్లెస్ కీలింగ్ 1958లో హవాయిలోని మౌనా లోవా అగ్నిపర్వతం మీద గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ను కొలవడం మొదలుపెట్టినప్పుడు అది పది లక్షల భాగాల్లో దాదాపు 315 ఉండేది, ఇప్పుడు 420 దాటింది, ఆ రికార్డే లేకపోతే "ఏమో, పెరుగుతోందేమో" అనుకుంటూ కూర్చునేవాళ్లం. అంతటి కొలతలకే 1964లో నిధులు కోసేస్తే కొన్నాళ్లు లెక్కే లేకుండా పోయింది!

బ్యాటరీల సంగతీ అంతే. బ్యాటరీ ఎలక్ట్రోడ్‌గా లిథియం కోబాల్ట్ ఆక్సైడ్ పనికొస్తుందని ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీలో శాస్త్రవేత్త జాన్ గుడినఫ్ బృందం 1980లో తేలిస్తే, లిథియం అయాన్ బ్యాటరీ మార్కెట్లోకి వచ్చింది 1991లో. మూడేళ్ల ప్రాజెక్టు ఇచ్చి రెండో ఏడాదే ఫలితమేదని నిలదీస్తే ఇలాంటివి పుడతాయా?

అలాగని యూనివర్సిటీల తప్పు లేదనను. పేపర్ అచ్చయితే పనైపోయిందనుకుంటారు, అదీ డబ్బు కట్టందే తెరుచుకోని జర్నల్లో. సాయంత్రం పొద్దు వాలగానే సోలార్ కరెంటు పడిపోయి, అప్పుడే వాడకం ఎగబాకుతుంది చూడండి, ఆ కాసిన్ని గంటలు గట్టెక్కడమే గ్రిడ్ ఇంజనీర్లకు అసలు టెన్షన్. వాళ్లకు కావలసింది పనికొచ్చే జవాబు, నలభై పేజీల సమీకరణాలు కాదు.

ప్రజల డబ్బుతో చేసిన పరిశోధన అందరికీ ఉచితంగా దొరకాలి. కొలతల కేంద్రాలకు బడ్జెట్లో విడిగా నిధి పెట్టాలి, ప్రభుత్వం మారినా దాని జోలికి పోకూడదు.

– ఒక పాఠకుడు