‘అధ్యయనంలో తేలింది’ అంటే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

‘ఫోన్ ఎక్కువగా చూస్తే కుంగుబాటు’, ‘పొద్దున్నే లేచేవారికి తెలివి ఎక్కువ’. ఈ తరహా శీర్షికలు పత్రికలో తరచూ కనిపిస్తున్నాయి. కింద వార్త చదివితే ‘ఓ అధ్యయనంలో తేలింది’ అన్న మాటే తప్ప ఎంతమందిని పరీక్షించారు, వారిని ఎలా ఎంచుకున్నారు, దేన్ని ఎలా కొలిచారు అన్నది ఉండదు. మనస్తత్వశాస్త్రంలో పరిశోధన పద్ధతులు బోధించే మాకు అలాంటి వార్త స్కోరు లేని ఆట వార్తలా కనిపిస్తుంది.

ఫోన్ సంగతే తీసుకుందాం. ఈ అధ్యయనాల్లో ఎక్కువ భాగం సర్వేలే. రోజుకు ఎన్ని గంటలు ఫోన్ చూస్తారు, ఈమధ్య మనసెలా ఉంటోంది అని ఒకే ప్రశ్నావళిలో అడుగుతారు. రెండు అంకెలూ కలిసి పెరుగుతుంటే దాన్ని సహసంబంధం అంటాం. ఫోన్ వల్ల దిగులు పుట్టి ఉండొచ్చు. దిగులుగా ఉన్నవారే ఫోన్ పట్టుకుని కూర్చుంటూ ఉండొచ్చు. నిద్రలేమి, ఒంటరితనం లాంటి మూడో కారణం రెండింటినీ పెంచుతూ ఉండొచ్చు. వీటిలో ఏది నిజమో ఒక్కసారి చేసిన సర్వే చెప్పలేదు. శీర్షిక మాత్రం మొదటిదాన్నే ఖాయం చేసేస్తుంది. పైగా ఆ గంటలు జవాబిచ్చినవారు గుర్తున్నంతలో వేసిన అంచనా. ఫోన్‌లో నమోదైన లెక్కకూ దానికీ చాలాసార్లు పొంతన ఉండదు.

బలం ఎంతో చెప్పే అంకె కూడా ముఖ్యమే. సహసంబంధ గుణకం –1 నుంచి +1 మధ్య ఉంటుంది. అది 0.3 వచ్చిందనుకోండి, వర్గం చేస్తే 0.09. అంటే మనిషికీ మనిషికీ దిగులులో ఉన్న తేడాల్లో 9 శాతమే ఫోన్ గంటలతో ముడిపడింది. మిగతా 91 శాతం సంగతి ఆ గంటలు చెప్పవు.

కారణం తేల్చాలంటే ప్రయోగం చేయాలి. 1974లో మనస్తత్వ పరిశోధకులు ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ చేసినది చూడండి. 45 మంది విద్యార్థులకు కారు ప్రమాదాల ఫిల్ములు ఏడు చూపించి, కార్లు ఎంత వేగంతో వెళ్తున్నాయని అడిగారు. 9 మంది చొప్పున అయిదు గుంపులు. ప్రశ్నలో క్రియ ఒక్కటే గుంపుగుంపుకూ మారింది. కార్లు ఒకదానికొకటి ‘తగిలినప్పుడు’ అన్న అర్థమిచ్చే మాట విన్నవారు సగటున గంటకు 31.8 మైళ్లన్నారు. ‘నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు’ అన్న అర్థమిచ్చే మాట విన్నవారు 40కి పైగా అన్నారు. చూసిన ఫిల్ములు అవే కాబట్టి తేడాను ఆ క్రియకే కట్టబెట్టవచ్చు.

వారి రెండో ప్రయోగం ఇంకా బాగుంటుంది. 150 మందికి ఒక ప్రమాదం చూపించి, వారిలో 100 మందిని అప్పుడే వేగం ఎంతని అడిగి, వారం తర్వాత అందరినీ ‘పగిలిన గాజు కనిపించిందా’ అని అడిగారు. ఫిల్ములో గాజే లేదు. తీవ్రమైన క్రియ విన్న 50 మందిలో 16 మంది, మామూలు క్రియ విన్న 50 మందిలో 7 గురు చూశామన్నారు. వేగం సంగతే అడగని మూడో 50 మందిలో 6 గురు. ఈ చివరిదే నియంత్రిత సమూహం. అది లేకపోతే 16 పెద్దదో చిన్నదో చెప్పలేం, వేగం ప్రశ్న వేయకపోయినా కొందరు లేని గాజును చూస్తారు కాబట్టి. ఇందులోనూ లోటుంది. వీరంతా తెర ముందు కూర్చున్న విద్యార్థులు. కళ్లముందు ప్రమాదం చూసినవారి భయం వీరికి లేదు.

వార్తల్లో తరచూ కలగలిసిపోయేవి మరో రెండున్నాయి. జనాభాలోంచి మనుషులను లాటరీ తీసినట్టు ఎంచుకోవడం ఒకటి, ఎంచుకున్నవారిని గుంపుల్లోకి లాటరీ ప్రకారం పంచడం ఇంకొకటి. మొదటిది ఉంటేనే ఫలితం అందరికీ వర్తిస్తుందనవచ్చు, రెండోది ఉంటేనే కారణం గురించి మాట్లాడవచ్చు. ఎంపిక సరిగా లేకపోతే పెద్ద సంఖ్య కూడా ఆదుకోదు. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు ఒక పత్రిక టెలిఫోన్, కార్ల యజమానుల జాబితాల్లోంచి పేర్లు తీసి దాదాపు కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపింది. 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. రిపబ్లికన్ అభ్యర్థి లాండన్ గెలుస్తారని రాసింది. ఆయన ప్రత్యర్థి, అప్పటి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచారు. సరిగ్గా ఎంచుకుంటే వెయ్యి మందితోనే శాతాలను సుమారు 3 పాయింట్ల తేడాలో అంచనా వేయవచ్చు. వందమందైతే ఆ తేడా 10కి చేరుతుంది.

మేం అన్నిటికంటే ఎక్కువగా భయపడేది ‘ముందు–తర్వాత’ అధ్యయనాలకు. 30 మంది ఎనిమిది వారాలు శ్వాస వ్యాయామం చేశారు, ఆందోళన తగ్గింది అని వార్త. ఆందోళన బాగా ముదిరినప్పుడే జనం ఇలాంటి వాటిలో చేరతారు. అంత ఎత్తున ఉన్న స్కోరు ఏమీ చేయకపోయినా తర్వాతి కొలతలో సగటు వైపు కొంత దిగుతుంది. వ్యాయామం చేయని గుంపును పక్కన పెట్టి కొలవనిదే ఎంత తగ్గుదల దేనివల్లో తెలియదు.

ఒక్క అధ్యయనంతోనే తీర్పు చెప్పడం కూడా మానాలి. మనస్తత్వశాస్త్రంలో 100 అధ్యయనాలను మళ్లీ చేసి చూసిన ఫలితాలు 2015లో ‘సైన్స్’ పత్రికలో వచ్చాయి. మొదట 97 శాతం అధ్యయనాల్లో గణాంకపరంగా చెప్పుకోదగ్గ ఫలితం ఉండగా, రెండోసారి 36 శాతంలోనే వచ్చింది. మోసం లేకుండానే ఇలా జరగవచ్చు. అసలు ఏ ప్రభావమూ లేని చోట, ఒకదానికొకటి సంబంధం లేని 20 అంశాలను 5 శాతం హద్దు (ఏమీ లేకున్నా ఒక్కో పరీక్షలో కాకతాళీయంగా ‘తేలే’ అవకాశం 5 శాతం) పెట్టుకుని పరీక్షిస్తే, కనీసం ఒకటైనా ‘తేలే’ అవకాశం 64 శాతం. ఆ ఒక్కటే వార్తవుతుంది, 19 ఎవరికీ తెలియవు. అందుకే ఏం పరీక్షిస్తారో ముందే నమోదు చేసుకున్నారా అని అడగాలి.

మీకు దీనివల్ల పెరిగే పని రెండు వాక్యాలే. ఎంతమంది, ఎవరు, సర్వేనా ప్రయోగమా, పోల్చడానికి మరో గుంపు ఉందా, కొలత మనుషులు చెప్పిందా పరికరం నమోదు చేసిందా అన్నవి వాటిలో పట్టేస్తాయి. సర్వే అయితే శీర్షికలో ‘వల్ల’ వద్దు. ‘ఫోన్ ఎక్కువగా చూసేవారిలో దిగులూ ఎక్కువే’ అనండి, అందులో తప్పు పట్టడానికేమీ ఉండదు. ఈ వివరాలు పత్రికా ప్రకటనలో కనిపించకపోతే అసలు పరిశోధన పత్రంలో ‘పద్ధతులు’ అనే భాగం తెరవండి. అక్కడా లేకపోతే ఆ వార్తను ఒకరోజు ఆపి పరిశోధకులనే అడగండి.

భవదీయులు,
పరిశోధన పద్ధతులు బోధించే కొందరు పాఠకులు