మర్రికి పువ్వెక్కడ?

మహబూబ్‌నగర్

బిడ్డా శ్రావణీ,

మొన్న ఫోన్‌లో నువ్వు అడిగిన దానికి రెండు ముక్కల్లో జవాబు చెప్పలేక ఉత్తరం రాస్తానన్నాను. వేపకు పూత కనిపిస్తుంది, చింతకు కనిపిస్తుంది, మోదుగైతే ఊరంతా ఎర్రగా చేస్తుంది, మరి మర్రికి పువ్వెందుకు కనపడదు అని కదా అడిగావు.

మర్రి పూస్తుంది. మనం మర్రికాయ అనేదాని లోపలే పూస్తుంది. మీ హాస్టల్ దగ్గర చెట్టు ఉందన్నావు కదా, గోలీ అంత పచ్చికాయను బ్లేడుతో సగానికి కోసి చూడు. గోడకు లోపలివైపున సన్నని పూలు కిక్కిరిసి, అన్నీ మధ్యకు తిరిగి ఉంటాయి. కాయ కొనకు ఒక చిన్న రంధ్రం ఉంటుంది, దాన్ని పొలుసుల్లాంటి రేకులు గట్టిగా మూసి ఉంచుతాయి. తేనెటీగ దూరలేదు, సీతాకోకచిలుక దూరలేదు, గాలికి పుప్పొడి పోయే దారి లేదు.

దూరగలిగేది ఒక కందిరీగ. రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. శాస్త్రవేత్తలు దానికి పెట్టిన పేరు యూప్రిస్టినా మసోని. అది మర్రికే వస్తుంది, రావికి పోదు. రావికి ఇంకొకటి, మేడికి మరొకటి. మర్రి, రావి, మేడి, జువ్వి, అంజీర అన్నీ ఒకే కుటుంబం. ప్రపంచంలో ఈ చెట్ల జాతులు 750 దాకా ఉన్నాయి. దాదాపు ప్రతి జాతికీ తన సొంత కందిరీగ ఉంది, కొన్నిటికి ఒకటి కంటే ఎక్కువే.

కాయలో ఆడపూలు సిద్ధమైనప్పుడు చెట్టు ఒక వాసన వదులుతుంది. ఆడ కందిరీగ ఆ వాసన పట్టుకుని వచ్చి రంధ్రంలో దూరుతుంది. దారి ఎంత ఇరుకంటే రెక్కలు విరిగిపోతాయి, చాలాసార్లు మీసాలు కూడా తెగిపోతాయి. ఇక బయటికి రావడం ఉండదు. తాను పుట్టిన కాయ నుంచి తెచ్చిన పుప్పొడిని లోపలి పూలకు అంటించి, కొన్ని పూలలో గుడ్లు పెట్టి అక్కడే చనిపోతుంది. గుడ్డు పడిన పువ్వులో కందిరీగ పిల్ల పెరుగుతుంది, గుడ్డు పడకుండా పుప్పొడి అందిన పువ్వులో మర్రి గింజ పడుతుంది.

నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది మగ కందిరీగ. ముందుగా పువ్వు లోంచి కాయ లోపలికి బయటపడేది అదే. రెక్కలుండవు. ఇంకా పువ్వు లోపలే ఉన్న ఆడవాటిని వెతుక్కుని కలుస్తుంది. తర్వాత మగవన్నీ కలిసి కాయ గోడకు సొరంగం తొలుస్తాయి. ఆ దారిన అవి ఎగిరిపోలేవు, చనిపోతాయి. ఆ వేళకే మగపూలు విచ్చుకుంటాయి. ఆడవి ఆ పుప్పొడి తీసుకుని సొరంగం లోంచి బయటపడతాయి. వాటికి ఆయుష్షు ఒకటి రెండు రోజులే, ఆలోపే ఇంకో మర్రిని చేరాలి.

మేడిపండు పొట్టలో పురుగులుంటాయని మనమంతా బళ్లో పద్యంగా చదువుకున్నాం. పైకి బింకంగా కనిపించి లోపల పిరికివాడైన మనిషికి పోలికగా చెప్పారు. కానీ ఆ పురుగు లేకుంటే మేడికి గింజే లేదు బిడ్డా. అమెరికాలోని కాలిఫోర్నియా రైతులు స్మిర్నా రకం అంజీర చెట్లు తెచ్చి ఏళ్ల తరబడి పెంచినా కాయలు నిలవక రాలిపోయేవి. 1899లో దాని కందిరీగను తెచ్చి వదిలాకే పంట నిలిచింది. మరి అంజీర తింటే పురుగు తిన్నట్టేనా అని అమ్మకు డౌటు వచ్చింది. బజార్లో దొరికే అంజీరలో చాలా రకాలు కందిరీగ లేకుండానే కాస్తాయని చెప్పాను.

ఇంకో సంగతి ఉంది, అసలు నీకు చెప్పాలనుకున్నది అదే. ఒక చెట్టు మీద కాయలన్నీ దాదాపు ఒకేసారి తయారవుతాయి, కానీ చెట్లన్నీ ఒకేసారి కాయవు. ఈ నెల ఒకటి, వచ్చే నెల ఇంకొకటి. అందుకే మిగతా చెట్లు వట్టిగా ఉన్నప్పుడు కూడా గోరింకలకు, కోయిలలకు, గబ్బిలాలకు ఎక్కడో ఒకచోట మర్రిపండు దొరుకుతుంది. కందిరీగ సంగతి మాత్రం వేరు. తాను బయటికొచ్చే రోజున సొంత చెట్టు మీద దూరడానికి తగిన కాయ ఉండదు. అది తప్పకుండా ఇంకో మర్రిని వెతుక్కోవాలి. ఆఫ్రికాలోని నమీబియా ఎడారిలో ఇలాంటి కందిరీగలు గాలివాటున 160 కిలోమీటర్ల దాకా పుప్పొడి మోస్తున్నాయని 2009లో తేల్చారు. మనకు హైదరాబాద్ ఉన్న దూరం కన్నా ఎక్కువ!

ఇది తెలిశాక మన ఊరి దగ్గరి పాత మర్రి, పిల్లలమర్రిని నేను చూసే తీరే మారింది. చెదలు పట్టి పెద్ద కొమ్మ విరిగిపడ్డాక, 2018లో దానికి సెలైన్ సీసాలు కట్టి క్లోర్‌పైరిఫాస్ అనే చెదల మందు చుక్క చుక్కగా ఎక్కించారు. ఆ చెట్టును కాపాడుకోవాలని అంత పట్టుబట్టి చేసిన పని అది, నాకు గర్వంగా ఉంటుంది. కోల్‌కతా పక్కన హౌరా బొటానికల్ గార్డెన్‌లోని పెద్దమర్రికైతే బూజు తెగులు పట్టి 1925లో అసలు మాను తీసేశారు, ఊడల మీదే ఇప్పటికీ నిలబడి ఉంది. మాను పోయినా మర్రి బతుకుతుంది. కానీ చుట్టుపక్కల వేరే మర్రులు లేకపోతే దాని కందిరీగకు పోయే చోటుండదు, దానికి పుప్పొడి తెచ్చేవి రావు. అందుకే హైదరాబాద్ దగ్గర చేవెళ్ల రోడ్డు మీద అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా ఉన్న దాదాపు 900 మర్రులను రోడ్డు వెడల్పులో కొట్టేయకుండా ఆపాలని జనం పర్యావరణ కేసులు వినే గ్రీన్ ట్రిబ్యునల్‌కు వెళ్లారంటే, అది నీడ కోసమే అనుకోవద్దు. రోడ్డు వెడల్పులో చెట్టు కొడితే బదులు పది మొక్కలు పెడతామంటారు. ఆ మొక్కలు కాయ కాసే దాకా కందిరీగ ఆగుతుందా?

మా నర్సరీలో పాత గోడల సందుల్లో, బావి అంచుల్లో పిట్టల రెట్ట నుంచి మొలిచిన మర్రి మొక్కలను వేరు తెగకుండా తీసి కవర్లలో పెంచుతున్నాం. అలా మొలిచిన ప్రతి మొక్క వెనకా ఒక కందిరీగ ఉన్నట్టే.

నువ్వు ఒక పని చెయ్యి. కాయ ఎర్రబడుతున్నప్పుడు, ఇంకా సొరంగం పడనివి నాలుగైదు తెంపి గాజు సీసాలో వేసి, మూతికి సన్న నేత గుడ్డ గట్టిగా కట్టు. దోమతెర గుడ్డ వద్దు, సందుల్లోంచి పోతాయి. కాయ తయారై ఉంటే ఒకటి రెండు రోజుల్లో కందిరీగలు బయటికొస్తాయి. వాటిలో పొడవాటి తోకలా సూది ఉన్నవి కనిపిస్తే అవి వేరే రకం. కాయను బయటి నుంచి పొడిచి గుడ్లు పెట్టేవి, పుప్పొడి మోయవు. సూది పొడుగ్గా లేనివాటినే జాగ్రత్తగా చూడు. సైన్స్ టీచర్ దగ్గర భూతద్దం అడుగు. ఏ రకం ఎన్ని వచ్చాయో లెక్క రాసి పంపు. ఇక్కడ మన నర్సరీ పక్క చెట్టు కాయలతో నేను కూడా సీసా పెడతాను, రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

మీ నాయన