సుజాతకి, పెట్టె రాట్నం గురించి

ప్రియమైన సుజాతా,

పెట్టె రాట్నం కొనేశావన్నమాట! మనవడికో మనవరాలికో, పుట్టబోయే బిడ్డకి టోపీ నీ చేత్తో వడికిన నూలుతోనే అల్లాలని నీ పట్టుదల. బాగుంది. పోగు తెగుతోంది, తెగనప్పుడు మెలికలు పడుతోంది, అల్లి చూస్తే గుడ్డ ఒక పక్కకి వాలిపోతోంది అని రాశావు. ఈ మూడూ వేరువేరు జబ్బులు కావు. నీకు రాట్నం తిప్పడం నేర్పినవాళ్లు నేతకి పనికొచ్చే నూలు నేర్పారు. సన్నగా, గట్టి పురితో. మగ్గం మీద పడుగు పోగుకి, అంటే నిలువు పోగుకి, అది తప్పదు. లాగుడుకీ రాపిడికీ నిలవాలి కదా, పైగా గంజి కూడా పెడతారు. అల్లికకి అలాంటి పోగు ఒంటిగా పనికిరాదు. దానిలో ఉన్న పురి విప్పుకోవాలని చూస్తుంది, ఆ లాగుడుకి కుట్లన్నీ ఒకవైపుకి ఒరుగుతాయి. నీకు కావలసింది కాస్త లావుపాటి, మెత్తటి పోగు, దాన్ని నాలుగు వరసలు కలిపి ఎదురు పురి పెట్టిన నూలు.

ముందు దూది సంగతి. మందుల షాపులో దొరికే దూది చుట్టతో మాత్రం మొదలెట్టకు. దానిలో పీచు పొట్టిది, పైగా పత్తికి సహజంగా ఉండే మైనం అంతా తీసేసి ఉంటుంది. లాగితే జారదు, తునకలుగా ఊడొస్తుంది. పరుపుల దూదీ అంతే. ఖాదీ సంస్థల దగ్గర సిద్ధంగా ఉన్న ఏకులు, అంటే వడకడానికి చుట్టిన దూది గొట్టాలు, అడుగు, పూనీలన్నా ఇస్తారు. నువ్వే చేసుకోవాలంటే ఏకిన దూది ఒకటి రెండు గ్రాములు పలచగా పరిచి, 8 నంబరు అల్లిక సూది దాని మీద పెట్టి అరచేత్తో రెండుసార్లు దొర్లించి, సూది లాగేయి. గట్టిగా దొర్లించావో, ఆ ఏకు ఇక కదలదు. ప్యాకెట్లో నలిగిన ఏకులైతే పొడవునా నెమ్మదిగా విడదీసి మళ్లీ చుట్టుకో. శ్రీకాకుళం జిల్లా పొందూరులో వడికేవాళ్లు ఏకుని ఎండిన అరటి పట్టలో పెట్టి పట్టుకుంటారు. చేతి చెమట అంటుకోదు, దూది నలగదు. నువ్వు చిన్న కాగితం గొట్టం వాడినా చాలు. అక్కడివాళ్లు వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, 24 ఆకుల (చక్రం పుల్లల) రాట్నం మీద 100 నంబరు దాటిన, అంటే చాలా సన్నటి, నూలు తీస్తారు. ఆ నూలు చూసి మనసు పాడుచేసుకోకు, నీ టోపీకి అది అక్కర్లేదు.

ఇప్పుడు పెట్టె తెరువు. లోపల పిడి ఉన్న పెద్ద చక్రం, దాని పక్కన చిన్న చక్రం, చివర పోగుకి పురి ఎక్కించే సూది, కదురు. పెద్ద చక్రం తాడు చిన్న చక్రం ఇరుసు మీది బిళ్ళకి, చిన్న చక్రం తాడు కదురు మీది బిళ్ళకి. ఈ రెండంచెల వల్లే ఇంత చిన్న పెట్టెలో కదురు అంత వేగంగా తిరుగుతుంది. గాంధీగారు ఎరవాడ జైల్లో ఉన్నప్పుడు రూపుదిద్దుకున్నది కాబట్టే దీన్ని ఎరవాడ చరఖా అంటారు. నీ రాట్నం లెక్క నువ్వే కట్టుకో, ఇది ముఖ్యం. పెద్ద చక్రం 20 సెంటీమీటర్లు, అది తిప్పే బిళ్ళ రెండున్నర అనుకో, అది 8 రెట్లు. చిన్న చక్రం 12, కదురు బిళ్ళ 1.2 అయితే 10 రెట్లు. వెరసి పిడి ఒక చుట్టు తిరిగితే కదురు 80 చుట్లు. నీ కొలతలు వేరే అయితే నేను కింద రాసిన చుట్లన్నీ ఆ మేరకు మార్చుకో.

తాడు ముడి చిన్నదిగా ఉండాలి. పెద్ద ముడి బిళ్ళ మీదుగా పోయిన ప్రతిసారీ కదురు ఎగిరి పడుతుంది, సన్న పోగు ఆ కుదుపుకే తెగుతుంది. చాలామంది దూదిని తిట్టుకుంటారు గానీ తప్పు ముడిది. తాడు జారుతుంటే కాస్త తేనెమైనం రుద్దు. మరీ బిగిస్తే పిడి బరువెక్కి చెయ్యి లాగేస్తుంది. కదురు ఒంకర ఉందేమో అద్దం మీద దొర్లించి చూడు. కొన మీద గరుకు తగిలితే సన్న గరుకు కాగితంతో నున్నగా చెయ్యి. కుట్టుమిషను నూనె ఒక్క చుక్క కదురు ఆనే చోట వేసి, పైకి వచ్చింది తుడిచేయి. నూలుకి అంటిన నూనె మరక ఉడకబెట్టినా సులువుగా పోదు.

దూది పట్టుకునే ముందు మామూలు కుట్టుదారంతో సాధన చెయ్యి. కదురుకి దారం కట్టి కొన దాకా మెట్టుమెట్టుగా చుట్టు. కుడి చేత్తో పిడి ముందుకి తిప్పుతూ ఎడమ చేత్తో దారం వెనక్కి లాగు. దారం కదురుకి అడ్డంగా కాకుండా కొన వైపు వాలి ఉండాలి, అప్పుడే చుట్టు చుట్టుకీ టప్‌మని కొన మీంచి జారి ఒక పురి ఎక్కుతుంది. చెయ్యి నిండా లాగాక పిడిని కొంచెం వెనక్కి తిప్పి కొన దగ్గరి చుట్లు విప్పు. తరవాత చెయ్యి పైకెత్తి దారాన్ని కదురుకి అడ్డంగా పట్టి ముందుకి తిప్పితే చుట్టుకుంటుంది. లాగుడు, విప్పుడు, చుట్టుడు. ఈ మూడూ చూడకుండా చెయ్యగలిగేదాకా ఏకు ముట్టుకోకు.

ఏకు పట్టాక ఒకే ఒక్క సూత్రం. పురి ముందు సన్నంగా ఉన్న చోటికి పరిగెడుతుంది, లావుగా ఉన్న చోట తక్కువ ఎక్కుతుంది. తక్కువ పురి ఉన్న చోట పీచు ఇంకా జారుతుంది. అందుకే కాస్త పురి ఎక్కించి, పిడి నెమ్మది చేసి, ఇంకొంచెం లాగితే లావు ముద్దలు వాటంతట అవే సన్నబడతాయి. పోగు లావు సరిచేసేది వేళ్లు కాదు, ఆ లాగుడే. నువ్వు బొటనవేలుతో నొక్కి పట్టావనుకో, పీచు ఆగిపోతుంది. అక్కడ సన్నబడి పుటుక్కుమంటుంది, వదలగానే ముద్ద పడుతుంది. కోడిపిల్లని పట్టుకున్నంత తేలిగ్గా పట్టుకోవాలి ఏకుని.

లాగడం అయ్యాక చివరి పురి ఇవ్వాలి, ఎక్కువమంది మరిచిపోయేది ఇదే. నీకు చెప్పే నూలు 20 నంబరు. అంటే 1 గ్రాముకి 20 మీటర్లు. పాత లెక్కలో, పౌనుకి 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) ఎన్ని అని కొలిచేవాళ్లు చూడు, ఆ లెక్కలో ఇది సుమారు 12 నంబరు. దీనికి సెంటీమీటరుకి ఐదున్నర పురులు సరిపోతాయి. 60 సెంటీమీటర్లు లాగావంటే 330. నీ రాట్నం 80 రెట్లదైతే పిడి నాలుగు చుట్లు. లాగేటప్పుడు మూడు, లాగాక ఆపి ఒకటి అని లెక్కపెట్టుకో. పోగు వదులు చేయగానే గట్టిగా మెలికలు పడితే పురి ఎక్కువైంది, మెల్లగా లాగితే విడిపోతుంటే తక్కువైంది.

నంబరు తూచి చూడకుండా ముందుకి పోకు. 25 సెంటీమీటర్ల వెడల్పు అట్టకి 40 చుట్లు చుడితే 20 మీటర్లు. దాన్ని బంగారం తూచే చిన్న కాటా మీద పెట్టు. 1 గ్రాము వస్తే 20 నంబరు, 0.8 వస్తే 25. వంటింటి కాటా ఈ బరువుకి నిజం చెప్పదు. అన్నట్టు మన అల్లిక సూదులకీ నూలుకీ ఒకటే తిరకాసు, నంబరు పెరిగేకొద్దీ సన్నం.

ఎండాకాలం మధ్యాహ్నం వడకొద్దు. పత్తి పీచుకి తడి తగిలితే బలం, ఆరిపోతే పెళుసు. తెల్లవారగట్ల తెగని దూదే రెండు గంటలకి పదేపదే తెగుతుంది. మరీ తప్పకపోతే పక్కన తడిగుడ్డ ఆరేసుకో. తెగినప్పుడు అతకాలంటే, పోగు కొస పురి విప్పి పీచు కుంచెలా చేసి, ఏకు మీద రెండు మూడు సెంటీమీటర్లు పరిచి తిప్పు. ముడి వేస్తే అల్లికలో అది బయటికే వస్తుంది.

కదురు మీద చుట్టుకునే నూలు కండె మధ్యలో లావుగా, అటూ ఇటూ సన్నగా వచ్చేలా చుట్టు. నాలుగు కండెలు అయ్యాక వాటిని నాలుగు సూదులకి గుచ్చి నిలబెట్టి, నాలుగు పోగులూ ఒకే బిగువుతో కలిపి ఒక ఉండ చుట్టుకో. ఉండ చుట్టకుండా నేరుగా పురి పెట్టాలని చూస్తే ఒక పోగు వదులై మిగతా మూడింటి చుట్టూ పాకుతుంది. ఇప్పుడు ఆ ఉండని రాట్నం ఎదురు దిక్కుకి తిప్పుతూ పురి పెట్టు. 60 సెంటీమీటర్లకి పిడి రెండు నుంచి రెండున్నర చుట్లు. సరిపోయిందో లేదో తెలియాలంటే ఒక మూర నూలు ఉయ్యాలలా వేలాడదీసి చూడు. తిరక్కుండా ఊరుకుంటే తూకం కుదిరింది. వడికిన దిక్కుకి మెలిక పడితే ఎదురు పురి ఎక్కువైంది, రెండో దిక్కుకి పడితే చాలలేదు. ఇది అప్పుడే వడికిన పోగుతోనే తేల్చుకో. వారం నిలవున్న పోగు నిద్రపోయి ఉంటుంది, నీళ్లు తగిలాక గానీ దాని బుద్ధి బయటపడదు.

ఆ తరవాత చిలప చుట్టి, నాలుగు చోట్ల ఎనిమిది అంకె ముడితో వదులుగా కట్టి, ఉడకబెట్టాలి. స్టీలు గిన్నెలో 2 లీటర్ల నీళ్లు, ఒక చెంచా చాకలి సోడా, కాస్త సబ్బు, 50 గ్రాముల నూలుకి ముప్పావు గంట. అల్యూమినియం గిన్నె వద్దు, సోడా దాన్ని తినేస్తుంది. నీళ్లు టీ రంగులోకి మారితే భయపడకు, పత్తి మైనం వదులుతోంది. ఉడకబెట్టని నూలు నీళ్ల మీద తేలుతుంది, తడి పీల్చదు, పురి కూడా కుదురుకోదు. పిండి, రెండు చేతులతో గట్టిగా విదిలించి నీడలో ఆరెయ్యి. కొంచెం కుదించుకుపోతుంది, కాబట్టి ఉడికాకే నమూనా అల్లాలి. చివరికి గ్రాముకి నాలుగున్నర, ఐదు మీటర్ల మధ్య వస్తుంది.

మొదట టోపీ కాదు, మొహం తుడుచుకునే చదరపు గుడ్డ అల్లు. 12 నంబరు సూదులు, 56 కుట్లు, ప్రతి వరసా నిట్టే (సూటి కుట్టు). 20 సెంటీమీటర్లు రావాలి. పురిలో చిన్న తేడాలున్నా నిట్ వరసలు ఆ వాలుని కప్పేస్తాయి. తరవాత 10 సెంటీమీటర్లకి 28 కుట్లు వస్తున్నాయో లేదో నిట్, పర్ల్ (తిరగేసిన కుట్టు) వరసలతో వేరే ముక్క అల్లి చూసుకో.

అప్పుడే పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత సుమారు 35 సెంటీమీటర్లు. టోపీకి 88 కుట్లు ఎక్కించు, 31 పైచిలుకు వస్తుంది. రెండు సూదులతో అల్లి వెనక కుట్టేటట్టయితే ఇంకో 2 కలుపు. అంచు 3 సెంటీమీటర్లు 13 నంబరు సూదితో ఒక నిట్ ఒక పర్ల్, నిట్ కుట్టు వెనక భాగంలోంచి అల్లు. నూలుకి ఉన్నిలాగా సాగి వెనక్కి వచ్చే గుణం లేదు, ఆ బిగువు నువ్వే ఇవ్వాలి. మొత్తం ఎత్తు 10 సెంటీమీటర్లయ్యాక మొదట 11 కుట్లకొకటి, ఆపైన అవే 8 చోట్ల ఒక్కోటి తగ్గిస్తూ, వరస విడిచి వరస, 8 కుట్లు మిగిలేదాకా పో. మధ్యలో సాదా వరసలు. 25 గ్రాములు చాలు. ఒంటి పోగులో అది 500 మీటర్లు, లాగుడు 60 సెంటీమీటర్లైతే ఎనిమిది వందల పైచిలుకు లాగుళ్లు. 1929లో మెరుగైన రాట్నానికి లక్ష రూపాయల బహుమానం ప్రకటించినప్పుడు పెట్టిన షరతు 8 గంటల్లో 16,000 అడుగులు, అదీ పాత లెక్కలో 12 నుంచి 20 నంబరు నూలు. ఆ రాట్నమే ఉంటే నీ టోపీ నూలు గంటలోపు. ఎవరికీ రాలేదులే ఆ బహుమానం!

బావగారికి స్వెటర్ అన్నావు, వద్దు. 400 గ్రాములంటే ఒంటి పోగు 8 కిలోమీటర్లు. అంత కష్టపడ్డా నూలు స్వెటర్ దాని బరువుకే కిందికి సాగుతుంది, నెల తిరిగేసరికి చేతులు వేళ్లు దాటతాయి. ఆయనకి కొన్న ఉన్నితో అల్లు. తెలంగాణలో కురుమవాళ్లు గొంగడికి వడికే దక్కనీ గొర్రె ఉన్ని సంగతి కూడా అడిగావు. అది గరుకు, ఒంటికి తగిలేవాటికి పనికిరాదు గానీ సంచీకి, కూర్చునే ఆసనానికి దానికి సాటి లేదు. పెట్టె రాట్నం మీద మాత్రం దాన్ని ఎక్కించకు. పీచు పొడుగు, పోగు లావు, ఆ చిన్న కదురు మోయలేదు. పెద్ద చక్రం రాట్నం కావాలి.

శ్రీకాకుళం వైపు మీ ఆడపడుచు ఉన్నారుగా, గింజ తీయని కొండపత్తి దొరికితే నాకో అరకిలో కొనిపెట్టమను. డబ్బులు ముందే పంపుతాను, మొహమాటపడొద్దని చెప్పు.

ఇట్లు,
నీ విజయ