అల్లుడికి పీఎస్5ఆ, గేమింగ్ ట్యాబా?

కువైట్ నుంచి

అక్కా,

నేను బాగుండా. పని మామూలే. ఎండలు ముదిరితే సర్వీసు అంగట్లోకి వేడికి చెడిపోయిన సామాన్లే ఎక్కువ వస్తాయి, అంతకంటే విశేషం లేదు. అమ్మకు షుగర్ చూపించి వచ్చినామన్నావు గానీ ఎంతుందో రాయలేదు. ఆ చీటీ ఫోటో తీసి పెట్టు.

అల్లుడి సంగతి. టీవీకి తగిలించి ఆడే ఆటల పెట్టె పీఎస్5 అన్నా కొనియ్యి మామా, గేమింగ్ ట్యాబ్ అన్నా కొనియ్యి అని వాడు. ట్యాబే మేలు, చదువుకు గూడా పనికొస్తాది అని నువ్వు. రెండూ వద్దని బావ. ముగ్గురికీ కలిపి ఈ ఒక్క ఉత్తరంలోనే చెప్తా.

ముందు వాడిని ఒక మాట అడుగు, వాడు ఆడాలనుకునేది ఏం ఆట? ఫోన్లో ఆడే బీజీఎంఐ, ఫ్రీ ఫైర్ మ్యాక్స్ రెండూ పీఎస్5లో లేవు. పీఎస్5లో పబ్జీ అని ఒకటి ఉంది గానీ అది వేరే, ఫోన్లో బీజీఎంఐ ఆడే స్నేహితులతో కలిసి ఆడేదానికి కుదరదు. వీడికి కావాల్సింది అదే అయితే 50 వేలు పైన పోసి పెట్టె తెచ్చినా మళ్లా నీ ఫోనే గుంజుకుంటాడు. క్రికెట్, ఫుట్‌బాల్, కారు రేసులు, పెద్ద కథ నడిచే ఆటలు కావాలంటే మాత్రం ట్యాబ్ దాని ముందర నిలవదు.

ట్యాబ్ పెట్టె మీద రాసినవి చూసి మురిసిపోవద్దని చెప్పు. లెనోవో లీజియన్ ట్యాబ్ మాదిరివి బాగుంటాయి, కాదనను. 8.8 అంగుళాల తెర, సెకనుకు వందకు పైగా సార్లు మారే బొమ్మ. కానీ ఫ్యాను లోపల పెట్టిన ట్యాబులు తక్కువ. మిగిలినవాటిలో చిప్ వేడి వెనక రేకు గుండానే బయటికి పోవాల. పెద్ద ఆట అరగంట ఆడేసరికి వేడెక్కి, చిప్ తనకు తానే వేగం తగ్గించుకుంటాది. ఆట తడబడతాది, తెర వెలుతురు తగ్గుతాది. మే నెలలో మన మిద్దె గదిలో గాలే 40 డిగ్రీలు ఉంటే ఆ వేడి యాడికి పోతాది?

దానికి తోడు ఛార్జింగ్ పెట్టి ఆడతారు. చిప్ వేడి ఒకటి, ఛార్జింగ్ వేడి ఒకటి, రెండూ బ్యాటరీ మీదే పడతాయి. బైపాస్ ఛార్జింగ్ అని కొన్ని ట్యాబుల్లో ఉంటాది. అది ఆన్ చేస్తే కరెంటు బ్యాటరీ జోలికి పోకుండా నేరుగా బోర్డుకు పోతాది. ట్యాబే కొనేటట్టైతే అది లేనిది కొనొద్దు. 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆగేటట్టు సెట్టింగు గూడా పెట్టండి. బ్యాటరీ ఉబ్బేది ఎట్ల తెలుస్తాదంటే, బల్ల మీద వెల్లకిలా పెడితే ట్యాబ్ అటూ ఇటూ ఊగుతాది, తెర అంచున గోరు దూరేంత సందు కనపడతాది, ఆ సందులోంచి వెలుతురు వస్తాది. అది చూసిన గడియలోనే ఛార్జర్ పీకేసి స్విచాఫ్ చెయ్యాల. సందు మూసేదానికి తెరను అదమొద్దు, నిప్పు అంటుకోవచ్చు. ఈ మాట అమ్మకు గూడా చెప్పి పెట్టు.

పీఎస్5కు వేడి పట్టదని కాదు. 5 నుంచి 35 డిగ్రీల మధ్యలో వాడమని కంపెనీ వాళ్లే రాసినారు. మన పక్క ఎండాకాలం మధ్యాహ్నం కూలర్ గానీ ఏసీ గానీ లేకపోతే ఆడొద్దు, పొద్దు గుంకినాక పెట్టుకోమను. కూలర్ తడిగాలి మాత్రం నేరుగా పెట్టె మీదికి కొట్టగూడదు. గోడకూ దానికీ కనీసం 10 సెంటీమీటర్లు వదలాల. హాల్లో టీవీ కింద అద్దం తలుపుల గూడు ఉందే, దాంట్లో పెట్టనే పెట్టొద్దు, వదిలిన వేడిగాలినే మళ్లా పీల్చుకుంటాది. దుమ్ముకు పక్క మూతలు ఊడదీస్తే లోపల దుమ్ము చేరే చిన్న తొర్రలు ఉంటాయి. రెండు నెలలకొకసారి, ప్లగ్గు పీకేసి, వాక్యూమ్ క్లీనర్‌తో మెల్లగా లాగితే చాలు. అంతకు మించి విప్పేదానికి ఎవురికీ ఇయ్యొద్దు. దాని చిప్ మీద మామూలు పేస్టు కాదు, కరెంటు పారే ద్రవలోహం ఉంటాది. చుక్క పక్కకు జారినా బోర్డు షార్ట్ అవుతాది.

కరెంటు పోయేది ఇంకొక భయం. ఆట సేవ్ అయ్యే నిమిషంలో కరెంటు పోతే ఆ సేవ్ చెడిపోవచ్చు. ఇన్వర్టర్ మీద ఎకో, యూపీఎస్ అని మీట ఉంటే యూపీఎస్ వైపు పెట్టండి. రెండో వైపు పెడితే కరెంటు నుంచి బ్యాటరీకి మారే ఆ క్షణం ఆలస్యానికే పెట్టె ఆరిపోవచ్చు. పెద్ద ఆటకు పీఎస్5 దగ్గర దగ్గర 200 వాట్లు తీసుకుంటాది, టీవీ, రెండు ఫ్యాన్లు కలిపితే 400 అనుకో. 150 ఏహెచ్ బ్యాటరీ కొత్తదైతే 3 గంటలు రావచ్చు, పాతదైతే సగమే. ఉరుములు మెరుపులు వచ్చేటట్టుంటే, అవి మొదలు కాకముందే, ప్లగ్గు ఒక్కటే కాదు, టీవీకి పోయే హెచ్‌డీఎంఐ వైరు, కేబుల్ టీవీ వైరు గూడా పీకాల. పిడుగు పోటు కేబుల్ వైరు గుండా వచ్చి హెచ్‌డీఎంఐ చిప్‌ను కాలుస్తాది. బిల్లుకు బావ భయపడొద్దు, 5 గంటలు ఆడితే పీఎస్5కు 1 యూనిట్. ట్యాబ్ అయితే 1 యూనిట్‌తో 30 సార్లు ఛార్జింగ్ అయితాది, ఆ లెక్కలో ట్యాబే గెలుస్తాది.

ఇంత చెప్పి నేను పీఎస్5 వైపే ఉండా అక్కా. కళ్లు పోతాయని నువ్వు ఏడ్చినంత పని చేసినావు కదా, దానికే. ట్యాబ్ మొగానికి అడుగు దూరంలో ఉంటాది, దుప్పట్లోకి గూడా పోతాది, రాత్రి ఎన్నింటి దాకా చూస్తాన్నాడో నీకు తెలీదు. టీవీ ఆరేడడుగుల దూరం, హాల్లో, అందరి కళ్ల ముందర. మిద్దె మీదికి మార్చుకుంటానంటే ఒప్పుకోవద్దు. మామ చెప్పినాడని చెప్పు, నా మీద కోపం వస్తే రానీ. వాడు మంచి పిల్లోడు అక్కా, ఊరికే కసురుకోవద్దు. చదువుకు వీడియోలు చూసేదానికి ఇంట్లో ఉన్న పాత ట్యాబ్ చాలు.

డబ్బు సంగతి బావ మనసులో పెట్టుకున్నట్టుంది. ఇంటి లోనుకు పంపేదాంట్లో ఒక్క రూపాయి తగ్గించను. ఇది వేరే.

ఇక్కడి నుంచి తెమ్మని అడగొద్దండి. కరెంటు సరిపోతాది, వైరు మార్చుకుంటే చాలు. కానీ ఇక్కడి వారంటీ అక్కడ చెల్లదు. ఇక్కడి డిస్కులు అక్కడ ఆడతాయి, కానీ తర్వాత ఆ ఆటకు అదనపు భాగాలు కొంటే మన దేశం అకౌంటుకు కలవకపోవచ్చు. కడపలోనే బిల్లుతో కొనండి. డిస్కు పెట్టేదే తీసుకోవాల, డిస్కు పెట్టే చోటు లేని డిజిటల్ అనేది ధర తక్కువని మోసపోవద్దు. కొత్త ఆట 5 వేల దాకా ఉంటాది. డిస్కు అయితే ఆడినాక అమ్ముకోవచ్చు, పాతవి తక్కువకు దొరుకుతాయి. డిజిటల్ ఆటను అమ్మేదానికి లేదు. డిస్కు పెట్టినా ఆట మొత్తం లోపలికి ఎక్కాల్సిందే, పైన అప్‌డేట్లు వేరే. 100 జీబీ దిగాలంటే 40 ఎంబీపీఎస్ నెట్‌కు ఐదున్నర గంటలు పడతాది, ఫోన్ డేటాతో పని కాదు.

మొదటి రోజే బావ పేరుతో అకౌంటు చేసి, దాని కింద వాడికి పిల్లల అకౌంటు చెయ్యండి. రోజుకు ఎన్ని గంటలు, నెలకు ఎంత ఖర్చు అనేది బావ ఫోన్ నుంచే కట్టడి చెయ్యొచ్చు. ఖర్చు సున్నా పెట్టండి. కార్డు నంబరు దాంట్లో దాచొద్దు. ఇంటర్నెట్‌లో ఇతరులతో ఆడాలంటే చాలా ఆటలకు పీఎస్ ప్లస్ చందా కట్టాల, ఫ్రీ ఆటలకు అక్కర లేదు. మొదట్లో చందా వద్దు.

నాయన పొద్దున్నే నడిచేదానికి పోతాన్నాడా? ఎండ ఎక్కక ముందే తిరిగి రమ్మను.

డబ్బు పంపే ముందర నాకు రెండు ఫోటోలు కావాల. టీవీ వెనక హెచ్‌డీఎంఐ రంధ్రాలు ఎన్ని ఉన్నాయో కనపడేటట్టు ఒకటి, ఇన్వర్టర్ పక్కన అంటించిన చీటీ ఒకటి. అల్లుడితోనే తీపించు.

నీ తమ్ముడు