వెస్పా మీద తుపాకి: 1/35 నమూనా గురించి

మన నమూనాల బృందం సభ్యులందరికీ నమస్కారం. మొన్న ఆదివారం అమీర్‌పేటలో కలిసినప్పుడు నేను తెచ్చిన స్కూటరు నమూనా గురించి పలువురు అడిగారు కనుక ఈ వివరణ రాస్తున్నాను. అది 1950ల చివర్లో ఫ్రెంచి పారాట్రూపర్ల కోసం ఆక్మా సంస్థ తయారుచేసిన వెస్పా 150 టీఏపీ. చట్రాన్ని గట్టిపరిచిన స్కూటరుకు అమెరికా వారి 75 మి.మీ. ఎం20 రీకాయిల్‌లెస్ (పేల్చినప్పుడు వెనక్కి తన్నని) తుపాకిని అమర్చి, మరో స్కూటరు మీద గుండ్లు పెట్టి, రెండింటినీ జతగా పారాచూట్లతో దింపే ఏర్పాటు అది. తుపాకిని సాధారణంగా కిందికి దించి మెషిన్‌గన్ ముక్కాలి స్టాండు మీద పెట్టి పేల్చేవారు కాబట్టి, స్టాండు లేని నమూనా నా దృష్టిలో సగం పనే.

అసలు తుపాకి పొడవు 2.08 మీటర్లు, మన 1/35 కొలతకు, అంటే 35వ వంతుకు, దాదాపు 6 సెంటీమీటర్లు. ప్లాస్టిక్ గొట్టం వంగిపోవడంతో రాణిగంజ్‌లో సన్నని ఇత్తడి గొట్టం కొన్నాను. క్లచ్ కేబుల్‌కు పాడైన ఇయర్‌ఫోన్ వైరులోని రాగి పోగు చక్కగా సరిపోయింది. అయితే ముసురు పట్టిన రోజున తొందరపడి లాకర్ (పైపూత) కొట్టడంతో ఎడమ డిక్కీ తెల్లబారింది, ఆ మచ్చ మీరూ గమనించే ఉంటారు. గుండ్ల స్కూటరు మొదలుపెట్టాను. ఎవరి దగ్గరైనా 0.5 మి.మీ. ప్లాస్టిక్ షీటు మిగిలి ఉంటే వచ్చే ఆదివారం తీసుకురాగలరు.